తిత్తి

సుల్తాన్ బజార్ వెనక సందులో
రెండు కుర్చీలు పడితే మూడో మనిషి నిలబడాల్సిన కొట్టు నాది.
హార్మోనియంలు బాగుచేస్తాను.
మా నాన్న తిత్తికి తోలు అతికించేవాడు,
నేను రెక్సిన్ అతికిస్తాను. అంతే తేడా.

మార్చి పదకొండు, మిట్టమధ్యాహ్నం,
బల్ల మీద ఫోను ఒక్కసారి వణికింది.
విదేశం నుంచి మీ పేర సొమ్ము వచ్చింది, బ్రాంచికి రండి.
రెండు లక్షల తొంభై వేల చిల్లర.
కళ్ళజోడు తుడుచుకుని
సున్నాలు మళ్ళీ లెక్కపెట్టాను.

పంపినవాడిది అంట్వెర్ప్ అట. పేరు నా నోటికి తిరగలేదు.
నెల కిందట రాశాడు:
మీ పనితనం విన్నాను, ఒక పెట్టె కావాలి, వెల ఎంతైనా సరే.
నా పనితనం కాచిగూడ దాటి ఎవరి చెవిన పడిందో
అడగబుద్ధి కాలేదు.
పొగడ్తను తూకం వేసి పుచ్చుకునేవాడెవడు?
నేను చెప్పిన వెల ముప్ఫై ఎనిమిది వేలు.

ఆ సాయంత్రం ఇరానీ హోటల్లో
పదకొండు చాయ్‌లు, ఆరు ప్లేట్ల లుఖ్మీ,
నా పేర రాసుకోమన్నాను.
పూలకొట్టు యాదగిరి వీపు చరిచాడు,
"నీ దశ తిరిగిందే మామా!"

రాత్రి అతనే మళ్ళీ.
గుమాస్తా పొరపాటు, ఎక్కువ పడింది.
మీది మీరు ఉంచుకోండి, పైన పది వేలు కూడా.
మిగతాది ఈ మూడు ఖాతాల్లో వేయండి. రేపే. దయచేసి రేపే.
ఒకటి సూరత్, ఒకటి సిలిగురి,
మూడోది మన మెహిదీపట్నం.
అంట్వెర్ప్ డబ్బు మెహిదీపట్నం పోవడానికి
నా కొట్టు మీదుగా ఎందుకు పోవాలి?

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
అడక్కుండా వడ్డిస్తున్న ఈ చెయ్యి ఎవరిది?

బ్యాంకులో నుస్రత్ మేడం ఒక కాగితం నావైపు జరిపింది.
అందులో ఒక గడి: ఈ సొమ్ము దేనికి వచ్చింది?
పెట్టె వెల అందామంటే పెట్టె అంత చేయదు.
కానుక అందామంటే ఇచ్చినవాడి పేరే పలకలేను.
"మనిషిని చూసిండ్రా?"
లేదు.
"గొంతన్న విన్నరా?"
లేదు.
ఆమె పెన్ను మూత పెట్టింది.
"మలక్‌పేటల ఒకాయన, గిట్లనే వచ్చినయ్, గిట్లనే పంపిండు.
తొమ్మిది నెలలాయె, ఖాతాకు తాళం.
యాడనో ఒక ముసలామె పోగొట్టుకున్న పైసలట.
పోలీసులు ముందుగాల ఆయనింటికే వచ్చిండ్రు,
దొరికే పేరు ఆయనదొక్కటే గద."

అప్పుడు తెలిసింది నేనేమిటో.
తిత్తిని.
ఇటు గాలి లోపలికి, అటు గాలి బయటికి.
గాలి నాది కాదు, వాయించే చెయ్యి నాది కాదు.
చిరిగినప్పుడు మాత్రం చిరిగేది నేను.

సొమ్ము దాచే సంచిని కూడా వెనకటికి తిత్తే అనేవారట.
నాన్న నవ్వేవాడు,
మన తిత్తిలో ఉండేది గాలేరా, దానికి దొంగల భయం లేదు.

గడి ఖాళీగా వదిలి కాగితం వెనక రాశాను:
ఇది నాది కాదు. వచ్చిన దారినే పంపండి.
కింద ఆ మూడు ఖాతాల నంబర్లు.
రాస్తుంటే చెయ్యి వణికింది.
నిజం చెప్పొద్దూ,
ఆ పది వేల దగ్గర కాస్త ఎక్కువసేపు వణికింది.

వారం రోజులు ఫోన్లు.
మొదట ఇంగ్లీషులో బతిమాలాడు.
ఆఖర్న తిట్టాడు,
అంట్వెర్ప్ మనిషి, శుభ్రమైన తెలుగులో.

పెట్టె మాత్రం పూర్తిచేశాను, కొనేవాడు లేకపోయినా.
పై స్థాయిలో మధ్యమం ఒకటి దొంగపలుకు పలుకుతోంది.
ఆకురాయితో రీడు గీకుతుంటే
ఆ ముసలామె తలపుకొస్తుంది,
ఏ దేశమో, ఏ వంటింట్లో నిలబడి
ఎవరి తీపి గొంతుకో అంకెలు చదివి వినిపించిందో.
నా దాకా వచ్చింది ఆమె డబ్బేనో కాదో,
తిరిగి చేరిందో లేదో.
మేడం బదిలీ అయిపోయింది. ఎవర్ని అడగను?

లుఖ్మీల బాకీలో ఇంకా నూట అరవై మిగిలింది.
జాఫర్ భాయ్ అడగడు.
పొద్దున షట్టరెత్తుతూ ఎదురుపడితే
నేనే తల వంచుకుంటాను.
ముఖం ఎరిగిన బాకీ అది.