సున్నా తెలియని కరెంటు

స్టోరు కిటికీలోంచి వచ్చిన బ్రేకరు
అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది.
అదే తెలుపు, అదే నల్ల మీట,
అడిగినట్టే ముప్పై రెండు ఆంపియర్లు.
చెంగల్రాయులన్న కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
ముక్కు దగ్గర పెట్టుకుని చూసి
నా చేతికే తిరిగిచ్చినాడు.
"దీని మీద అల ఉండాది పాపా.
మనకు గీత కావల."

సెట్టిపల్లి షాపు. రేకుల కింద మూడు గంటల ఎండ.
చక్రాలు ఊడదీసిన పెట్టె ఒకటి
స్టాండ్ల మీద కాళ్లు లేకుండా కూర్చోనుంది.

"ఇంటి కరెంటు సెకనుకు నూరుసార్లు చచ్చి బతుకుతాది.
అది చచ్చే క్షణంలో నిప్పు దానంతటదే ఆరిపోతాది.
ఇది బ్యాటరీది. నూటా పది వోల్టులే గానీ
దీనికి సున్నా తెలీదు.
తెంపినా తెగదు. గాలిని పట్టుకుని వేలాడతాది."

వేలాడడమంటే ఏందో
ఆయన బొటనవేలు చెప్పింది:
గోరు మొలవని చోట నున్నగా, గవ్వ లోపలి రంగు.
పాకాల యార్డు, వాన రాత్రి,
సైజు సరిపోయింది గదా అని ఎవరో బిగించిన బ్రేకరు.
అంతకు మించి నేనడగలేదు.

గీత ఉన్నది చేతికొచ్చేసరికి మూడు రోజులు,
రెండు ఇండెంట్లు,
ఒక్క సంతకానికి నాలుగుసార్లు మెట్లు.
"కొండ మీద దర్శనమే నయం గదమ్మా"
స్టోరు వీరరాఘవులు నవ్వినాడు.

ప్యానెల్లోనూ ఒక చిన్న పట్టా ఉంటుంది.
దాని మీద టక్కుమని కూర్చుంది.
వైరు ఒలిచి, లగ్గు నొక్కి
ఎర్రది పైన బిగించబోతే
మణికట్టు పట్టుకున్నాడు.
"చదువు."
పైన, ఆవగింజంత మైనస్.
ప్లస్ కింద.

లోపల చింతగింజంత అయస్కాంతం ఉందట,
నిప్పును పలకల గూట్లోకి తోసి
ముక్కలు ముక్కలుగా నరికేది.
వైర్లు తారుమారైతే
అదే అయస్కాంతం, అంతే బలంతో
గూటికి ఎదురుగా తోస్తుందట.
నా చెవులు వేడెక్కినాయి.
ఊడదీసి, మళ్లీ బిగించినాను.
మర చాలనేదాకా ఆయన ఏమీ అనలేదు.

పెట్టెలో ఫ్యాన్లన్నీ వేసి
"ఇప్పుడు దించు" అన్నాడు.
దించినాను.
చీమ తుమ్మినంత చప్పుడు.
ఫ్యాన్లు తీరిగ్గా నిలబడినాయి.

ఆ రాత్రి కొర్లగుంటలో
మా ఇంటి లైటు ఆర్పి, వేసి, మళ్లీ ఆర్పినాను.
ఇన్నేళ్లూ అది అన్నిసార్లు చచ్చి
నా వేలి మాట వినిందని తెలీదు నాకు.
చీకట్లోంచి అమ్మ కసిరింది:
"ఆ స్విచ్చి నీకేం పాపం చేసిందే?"