పెన్సిల్‌తో రాసిన సంవత్సరం

నాగలి వయసు చెప్పమని
నెస్టర్ చోర్నీ కబురు పెట్టాడు.
ముప్ఫై ఒక్క ఏళ్లు విడిభాగాల కొట్లో
కౌంటర్ వెనక నిలబడ్డదాన్ని.
సస్కాచవాన్‌లో ఈ మూల
ఏ ఇనుముకి ఏ నంబరో
మనుషుల పేర్ల కంటే ముందు నా నోటికొస్తుంది.

"ముప్ఫై ఏడు" అన్నాడు, నేను ట్రక్కు దిగకముందే.
"మా నాన్న కొత్తది కొన్నాడు. ప్రదర్శన కార్డు మీద అదే రాయి."

ముప్ఫై ఏడులో ఇక్కడ ఎవరూ ఏమీ కొనలేదు.
ఆ ఏడు గోధుమ చీలమండ దాటలేదని,
దుమ్ము కంచెల మీదుగా నడిచిపోయిందని
మా అమ్మ చెప్పేది.
నేనేమీ అనలేదు.
వైరు బ్రష్షు తీశాను.

ఎద్దు వయసైతే పళ్లు చూస్తే తెలుస్తుంది.
నాగలికి బోల్టులు చూడాలి.
నలుచదరపు తలలైతే పాతవి,
ఆరు పలకలైతే తర్వాతవి.
చక్రం ఉత్త ఇనుమా, రబ్బరు తొడిగారా?
చాలు చివర దాన్ని లేపేది తాడా, నూనె గొట్టమా?
రంగుని ఉల్లిపొరలా విప్పాలి, తొందరపడకుండా:
పైన ఎరుపు, దాని కింద ముదిరిన ఇంకో ఎరుపు,
ఆ కింద
ఎవరింటి తలుపుకో వేయగా మిగిలిన నీలం.

ముందు కర్రు దగ్గర చదరపు బోల్టులు.
వెనక కర్రు దగ్గర ఆరు పలకలవి.
పోత అక్షరాలు కూడా వేరు వేరు;
ఒక్క మూసలో పుట్టినవి కావు ఇవి.
నడుమ అతుకు.
వెల్డింగు కాదు, కొలిమిలో కాల్చి వేసింది.
సుత్తి దెబ్బలు ఇప్పటికీ వేలికి తెలుస్తున్నాయి.

దూలం లోపలివైపు, మట్టి తప్ప ఎవరూ చూడని చోట
ఉలితో చెక్కిన పేరు:
హాల్వర్ స్కార్.

నెస్టర్ వంగి చదివాడు. మళ్లీ చదివాడు.
"స్కార్ వాళ్లది మా పక్క కమతం.
ముప్ఫై ఏడులో తలుపులు వేయకుండానే
ఉత్తరానికి వెళ్లిపోయారట."
తర్వాత చాలాసేపు
జేబులో ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాడు.

కొన్నాడో, అడిగి తెచ్చుకున్నాడో,
ఖాళీ పాకలోంచి చీకటివేళ లాక్కొచ్చాడో
ఇనుము చెప్పదు.
ఇనుము చెప్పేది సంవత్సరమే,
అదీ సగం.

"ఇది ఇంకా దున్నుతుందా?" అన్నాను,
వేరే ఏమడగాలో తోచక.

ట్రాక్టరుకి తగిలించాం.
మొన్నటి వాన పదును నేలలో ఉంది,
కర్రులో లేదు.
మొదటి చాలు దున్నడం కాదు, గీకడం.
తుప్పు రెక్కకి మట్టి అంటుకుని ముద్దలు కట్టింది.
నెస్టర్ దిగాడు, చెక్కముక్కతో గోకాడు,
ఎక్కాడు, మళ్లీ దిగాడు,
డెబ్భై ఆరేళ్ల మోకాళ్లని తిట్టుకుంటూ
లోతు మర రెండు చుట్లు తిప్పాడు.

ఐదో చాలుకి రెక్క నడుమ నాణెమంత మెరుపు.
ఎనిమిదో చాలుకి అరచేయంత.
ఆ తర్వాత లెక్కపెట్టలేదు:
రెక్కలో ఆకాశం వంకరగా కనబడుతోంది,
నేల నిద్రలో ఒత్తిగిలినట్టు
పక్కకి తిరిగి పడుకుంటోంది.
సముద్రం ఎక్కడో వెయ్యి మైళ్ల అవతల,
అయినా తెల్లటి నీటికాకులు ఎలా వచ్చాయో
వానపాముల కోసం వెనకే దిగాయి.

గట్టు దగ్గర తాడు లాగాడు.
ముందు పాత సగం లేచింది,
ఒక్క గుక్క ఆగి
రెండో సగం.

"చాలు" అన్నాడు నెస్టర్.

వంటింటి బల్ల మీద కార్డు నింపాను.
రెండు పేర్లూ సిరాతో,
హాల్వర్ స్కార్‌ది ముందు. నేనడగలేదు, అతనే అన్నాడు.
సంవత్సరం మాత్రం పెన్సిల్‌తో వేసి,
రబ్బరు ముక్క అక్కడే
ఉప్పుగిన్నె పక్కన
వదిలేసి వచ్చాను.