తిరగేసిన రెక్క

పక్షికి ఉన్నట్టు పెట్టకూడదు దీన్ని.
ఉబ్బు కిందికి, లోతు పైకి.
ఎగరకుండా ఉండటానికి పెట్టుకునే రెక్క ఇది
అన్నాడు ఇడ్వాల్,
బిస్కెట్టు టీలో ముంచి, అది విరిగి మునిగిపోతే
దానికేసి కాసేపు చూసి.

హోలీహెడ్ రేవు వెనక రేకుల షెడ్డు.
ఇరవయ్యేళ్ళ నా నీలం మాజ్డా
డిక్కీ మూత ఎత్తుకుని
పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నట్టుంది.

రెక్క పోలండ్ నుంచి అట్టపెట్టెలో వచ్చింది.
కార్బన్ ఫైబరు. దగ్గరగా చూస్తే నల్లటి చాప అల్లిక.
దాని ఖరీదు నాలుగు నెలల రాత్రి షిఫ్టులు:
ఐర్లండ్ లారీలను ఒక్కొక్కటే ఓడ కడుపులోకి పిలుస్తూ
వానలో చేతులు ఊపిన రాత్రులు.
రెక్కలు ముక్కలు చేసుకుంటే వచ్చిన రెక్క అని
నా జోకుకు నేనే నవ్వాను.
ఇడ్వాల్ రసమట్టం వెతుక్కుంటున్నాడు.

మూతపడ్డ అల్యూమినియం ఫ్యాక్టరీలో
ముప్ఫయ్యారేళ్ళు పనిచేసిన చేతులు ఆయనవి.
ఇప్పుడు కుడిచెయ్యి వణుకుతుంది,
చెంచాలో చక్కెర కప్పు చేరేలోపు సగమవుతుంది.
"హెలెద్, డ్రిల్లు నువ్వే పట్టు" అన్నాడు.
పట్టాను. ఎందుకని అడగలేదు.

మాస్కింగ్ టేపు అతికించి, నడిమి గీతకు దారం లాగి
కొలిచాం. టీ తాగాం. మళ్ళీ కొలిచాం.
గీత కూడా పడనివ్వకుండా కాచుకున్న రంగు మీద
పంచ్ ఆనించి సుత్తితో ఒక్కటి వేస్తే
నువ్వుగింజంత గుంట.
దానికే గుండె జారింది.

డ్రిల్లు అరిచింది.
ముందు నీలం పొట్టు, తర్వాత తెలుపు,
తర్వాత వెండి సుడులు మణికట్టు మీద చురుక్కుమంటూ.
మూడు కన్నాలు బుద్ధిగా దిగాయి.
నాలుగోది
బిట్టు జారి
రెండు మిల్లీమీటర్లు సముద్రం వైపుకు పోయింది.

సముద్రం వైపు, కొండ వైపు:
ఇడ్వాల్ కుడి ఎడమలు చెప్పడు.
ఈ దీవిలో ఏది జారినా అటే పోతుంది.

తిట్టలేదు. ఆకురాయి అందించాడు.
"బోల్టుకు కాస్త పెద్ద ఇల్లు దొరికింది, అంతే."
కన్నాన్ని కోలగా అరగదీశాను.
అంచులకు ఎర్ర ప్రైమరు పూశాను,
పిల్ల గోళ్ళకు రంగు వేసినంత నెమ్మదిగా.
లోపల ఆనుగా ఒక పలక కావాలి.
ఆయన బీరువా అడుగు నుంచి తీశాడు,
ఫ్యాక్టరీ ఆఖరి రోజున చొక్కా కింద దాచి తెచ్చిన ముక్క.
ఇన్నేళ్ళు దేనికని దాచావంటే
"దేనికో అని" అన్నాడు.

నిలబడ్డ కారు మీద అది ఉత్త అరుగు.
ఇడ్వాల్ తన కప్పు దాని మీదే పెట్టాడు.
టీకీ కప్పు అంచుకీ నడుమ, ఒక పక్కన,
సన్నటి నెలవంక.
ఇద్దరం చూశాం.
ఇంకో బిస్కెట్టు తీసుకున్నాం.

ఆదివారం, కొండ అంచున రేసు బాట.
తొంభై మైళ్ళ దగ్గర
సముద్రానికి వీపు తిప్పే పొడవాటి మలుపులో
ఎప్పుడూ నడుం తిప్పుకునే వెనక చక్రాలు
తారును వదల్లేదు.
ఎవరో పెద్దమనిషి డిక్కీ మీద చెయ్యేసి
కూర్చోవమ్మా అన్నట్టు.
పక్కసీట్లో ఇడ్వాల్ చెయ్యి
వణుకుతోందో లేదో తెలియలేదు.
కారంతా వణుకుతోంది.

మిగిలింది సెకనులో నాలుగు పదోవంతులట.
ఆయన ఆ అంకెను రెండుసార్లు చెప్పించుకున్నాడు.

తిరుగుదారిలో వాన.
డిక్కీలో, నాలుగో కన్నం కింద, చెయ్యి పెట్టి చూస్తే తడి.
సిలికాన్ ట్యూబు కొనాలి,
శుక్రవారం జీతం పడ్డాక.