ముందు గోడకు మావి

ఇరవయ్యో వారం.
హీయుమా దీవి చుట్టూ సముద్రం గడ్డకట్టి
ఒడ్డు నుంచి ఒడ్డుకు మంచు మీదే కార్లు.
మారికా కడుపు మాత్రం ఉలకదు, పలకదు.

ఉన్ని మిల్లులో పక్క యంత్రం దగ్గరి తీయు
"మావాడు పద్దెనిమిదికే తన్నాడు" అంది,
దారం తెంపినంత తేలిగ్గా.
ఆ మాటతో మారికా మూడు రాత్రులు
పొట్ట మీద అరచెయ్యి వేసుకుని పడుకుంది,
మూసిన తలుపుకు చెవి ఆనించినట్టు.

మంత్రసాని లెయిదా చేతులు చల్లన,
జెల్లు ఇంకా చల్లన.
డాప్లర్ బొడ్డు కింద పెట్టగానే ఒకటే గాలి.
"ఇది నీ నెత్తురు హోరు.
మావి ముందు గోడకు అతుక్కుంది, అదేం రోగం కాదు.
బిడ్డ తంతూనే ఉంది,
మధ్యలో దుప్పటి ఉంది."

పక్కకు జరిపింది, ఇంకా కిందికి,
తుంటి ఎముక వారకు.
అక్కడ దొరికింది
మంచు మీద పరిగెడుతున్న చిన్న గుర్రం.

"ఆలస్యంగా తెలుస్తుంది. పక్కల్లో, అడుగున వెతుక్కో.
ఒకసారి తీరు తెలిశాక మాత్రం
తగ్గిందనిపిస్తే మావిని సాకు చెయ్యకు,
అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి."

ఇరవై మూడో వారం, మంగళవారం.
మారికా బూట్ల కోసం ఉన్ని తడిపి ఒత్తుతోంది.
ఒత్తేకొద్దీ దళసరి,
ఒత్తేకొద్దీ చప్పుడు మింగే బట్ట.
ఎడమ డొక్కలో, బాగా అడుగున
ఎవరో లోపలి నుంచి
వేలితో పొడిచారు.

సబ్బు చేతులు అలాగే గాల్లో ఆగిపోయాయి.
ఏమైందని తీయు అరిచింది.
"ఏం లేదు,
ఆ యంత్రం కాసేపు ఆపు."