మూడో సాలు

ఉమ్మల్ ఖువైన్ పడవల యార్డుల
రెజిన్ వాసన తియ్యగుంటది,
మాగిన సీతాఫలం మీద పెట్రోలు చల్లినట్టు.
పదకొండేండ్లు పీల్చిన.
గాజునార చాప పరిచి, రెజిన్ పోసి, రోలర్ దొబ్బి
గాలిబుడగ ఒక్కటి మిగలకుండ
ఎవరెవరివో పడవలకు పొట్టలు కట్టిన.

గ్రైండర్ మోతకని
పచ్చ నురగబిళ్ళలిచ్చిండు ఫోర్‌మన్.
మోత చెవి నుంచొస్తదని అందరికెరుక.
విషం ముక్కుల దిగి, నెత్తురెంబడి తిరిగి
ఇంటెనక దర్వాజ నుంచి చెవిలకు పోతదని
బిళ్ళలు చేసినోనికి గూడ ఎరుక లేదేమో.

క్లినిక్కుల బిన్సీ, ఎర్నాకుళం పిల్ల,
అద్దాలపెట్టెల కూసోబెట్టి బటన్ చేతికిచ్చింది.
కూత వినంగనే ఒత్తుమన్నది.
ఒత్తిన. ఒత్తుకుంటనే ఉన్న.
"నేను ఆపినంక గూడ ఒత్తినవు భాయ్"
అనేటప్పుడు ఆమె నవ్వలేదు.
కాయితం మీద గీత
గట్టు దాక సాఫుగ నడిచి
బాయిలకు జారినట్టుంది.

బొమ్మ గీసి చూపెట్టింది.
నత్తగుల్ల, అండ్ల నీళ్లు,
నీళ్లల్ల వెంట్రుకల కణాలు,
లోపల ఒక సాలు, బయట మూడు సాళ్లు.
నాటేసినోణ్ణి, నాకు వేరే చెప్పాల్నా.
గాలికి నారు వంగినట్టు మాటకు వంగుతయట.
స్టైరీన్ మాత్రం
అంచుకున్న మూడో సాలు నుంచి మొదలువెడ్తదట,
గట్టెక్కిన మేక లెక్క.
మల్ల నాటు లేదు. ఈ మడికి ఒక్కటే పంట.

ముందుగాల సన్నటి చప్పుళ్లు పోయినయి.
కుక్కర్ విజిల్.
ఫోన్ల బిడ్డ సెలవులిచ్చిన్రు నాయినా అంటే
ఎలవులిచ్చిన్రు అని.
బడిల పలక మీద దిద్దిన స, శ, ష
మూడూ రాలిపోయినయి.
రాజలింగు 'సాయిలూ' అని పిలిస్తే
'ఆయిలూ' అని వినవడుతది.
ఈ దేశపోళ్లకు భూమిల దొరికింది,
నాకు నా పేర్ల దొరికింది.

వాడే ఫోన్ల చదివి చెప్పిండు,
కోడికైతే చెవిల కణాలు చచ్చినా మల్ల మొలుస్తయట.
ఆ దినం శుక్రవారం.
కోడి పొయ్యి మీదనే ఉడుకుతుంది.
"తిను, నీకూ వస్తయేమో."
మస్తు నవ్వినం.
వాని నవ్వు సగం వినవడ్డది,
మిగిలింది పండ్లల్ల చూసుకున్న.

రాత్రి క్యాంపుల ఏసీ బందైతే
పదిమందికి నిమ్మలం.
నాకు కీచురాళ్లు.
ఎండిన సాళ్లల్ల కూసుండి కూస్తయవి.

పొద్దుగాల ఫోర్‌మన్
కొత్త బిళ్ళల డబ్బ ఇప్పిండు.
నేను చెవి చూపియ్యలే, ముక్కు చూపెట్టిన.
ఆయన పెదవులు శానసేపు కదిలినయి.
అండ్ల స-లే ఎక్కువున్నట్టున్నయి.