కుంచెడు తవుడు

తెల్లారగట్ల నాలుగూ నలభై.
పాలకొండ ఫస్ట్ బస్సు ఇంకా కునుకు తీస్తుంటుంది.
విజయనగరం కాంప్లెక్సు వెనక సందులో
రేకుల కింద ఒక్క బల్బు,
రెండు బల్లలు, మూడు కాళ్ళ స్టూలు,
నాలుగో కాలు ఇటుక.

బోర్డు లేదు. పలక ఉంది.
ఏ రోజు ఏముందో అప్పలసూరి సుద్దముక్కతో రాస్తాడు.
ఒత్తులు వాడికి బుద్ధి పుడితే ఉంటాయి, లేకపోతే లేవు.
సోమవారం: "సోడిడ్లి".
మంగళవారం: "పనసగింజి గారి".
ఓసారి ఉత్త ప్రశ్నార్థకం గీసి ఊరుకున్నాడు,
అమ్మకింకా ఏమీ తోచలేదని.

ఏదైనా ఇరవై.
పదకొండేళ్ళుగా చిల్లర లెక్కపెడుతున్న చేతికి
ఈ ఒక్క లెక్కే తేలదు.
మట్టిరంగు ఇడ్లీ, దాని నెత్తిన నువ్వులపొడి,
గరిటె జారని ఉలవచారు.
చలికాలం తేగలు ఎండబెట్టి దంచిన పిండితో ఉప్మా.
గోంగూర రుబ్బి పోసిన అట్టు
పెనం మీద ఉన్నంతసేపూ పచ్చన,
పళ్ళెంలోకి వచ్చేసరికి గోనెసంచి రంగు,
నిద్రమత్తుని చెంపమీద కొట్టే పులుపు.
రోడ్లూడ్చే వాళ్ళు, పాలవేను కుర్రాడు,
పోటీపరీక్షల పుస్తకం ఒళ్ళో తెరిచి పెట్టుకునే పిల్ల,
కూరగాయల గవరయ్య, నేను.
ఎవరం ఎవరితోనూ పెద్దగా మాట్లాడం.
నోళ్ళు ఖాళీ ఉండవు.

అన్నీ కుదరవు.
అరటిపువ్వు ఇడ్లీ పెట్టిన నాడు నాలుక మడతపడింది.
తవిటమ్మ తనూ ఒక ముక్క నోట్లో వేసుకుని
"సీ, బాగోనేదు. డబ్బులియ్యకండి" అంది.
అందరి చేతుల్లో తలో బెల్లంముక్క పెట్టి పంపింది.
ఆ వగరు నాతోపాటు టికెట్టు లేకుండా
గరివిడి దాకా వచ్చింది.

మొన్న పలక మీద "తవుడటు".
నవ్వాను.
"ఏటమ్మా, మమ్మల్ని గేదిల్లో కలిపీసినావేటి?"
గవరయ్య కూడా నవ్వాడు, గేదెలా అరిచి మరీ.
ఆమె అట్టు తిరగేస్తూ,
మావైపు చూడకుండా,
అట్లకాడ చప్పుడంత మామూలుగా చెప్పింది:

"నాకు ముందు ముగ్గురు పోనారు బావూ.
నాను పుట్టగానే మాయమ్మ నన్ను
మంత్రసానికి ఇచ్చీసింది.
మల్లీ కుంచెడు తవుడిచ్చి కొనుక్కుంది.
కొనుక్కున్న పిల్లని దేవుడు పట్టికెల్లడంట.
అదే నా పేరు. అదే నా రేటు.
మరి తవుడంటే నవ్వుతారేటి?"

నెల్లిమర్ల మిల్లులో నిన్న సాయంత్రం పట్టిన తవుడు,
జల్లించి, దోరగా వేయించి,
ఉల్లికాడలు, జీలకర్ర, కాస్త పుల్లమజ్జిగ.
పెనం మీంచి కొత్త ధాన్యం ఆడిన వాసన.
మొదటి ముక్క గరుకుగా తగిలింది.
రెండో ముక్కకి ఆ గరుకే కావాలనిపించింది.
గవరయ్య మూడోది అడిగేసరికి పిండి అయిపోయింది.
అప్పలసూరి పలక తుడిచేశాడు, ఉమ్మితో.

ఐదూ పదికి బస్సు కదిలింది.
చీపురుపల్లిలో ఒకావిడ ఎక్కింది, నెత్తిన మూట.
"ఏటున్నాది మూటలో?"
"తవుడు బావూ. పెయ్యకి."
ముప్పై కిలోలకి తక్కువుండదు.
లగేజీ టికెట్టు కొట్టాలి.
వేలు మెషిను మీద దాకా వెళ్ళింది.

రూలు రూలే, తెలుసు.
ఒక్కోసారి రాజాం దగ్గర చెకింగు ఎక్కుతుందనీ తెలుసు.
దారికి అడ్డంగా ఉందని మూటని
కాలితో తొయ్యబోయి,
ఆగి,
వంగి చేతులతో జరిపాను.

"టికెట్టో?" అందావిడ.
"మనిషికి కొట్టినాను కదా" అన్నాను.

పళ్ళ సందున
ఇంకా కొంచెం గరుకు.