కొలతల పుస్తకం

వెర్లీన్ స్టిడమ్ పాటలు మీరు వినే ఉంటారు.
నేను విన్నది తక్కువ.
ఆమె పాడే వేళకి తెర వెనక
నోటినిండా గుండుసూదులతో నిలబడేదాన్ని.
పెదవి విప్పితే సూది గొంతులోకి పోతుంది,
అందుకే ఒక్క చరణానికీ ఆహా అనలేదు.

నా దగ్గరున్నదల్లా ఈ పుస్తకం.
నాష్‌విల్‌లో పాత రైలు గోదాము వెనక సందులో
ఇస్త్రీ ఆవిరికి గోడలు చెమర్చే గదిలో
పెన్సిలుతో రాసుకున్న అంగుళాలు.

అరవై మూడు, మార్చి. నడుము ఇరవై రెండు.
కెంటకీ బొగ్గుకొండల నుంచి బస్సులో వచ్చింది,
చంకలో అయిదే తీగలున్న గిటారు,
ఒంటి మీద పిండి సంచి గుడ్డతో వాళ్ళమ్మ కుట్టిన గౌను.
ఎన్ని ఉతుకులు ఉతికారో
మిల్లు పేరు మాత్రం వీపు మీద ఇంకా ఉంది.
భుజం కొలుస్తుంటే వణికింది.
చలేస్తోందా అన్నాను.
"లేదమ్మా, నాన్నని గనిలోంచి పైకి తెచ్చిన రోజు
పెట్టె కోసం ఇలాంటి టేపుతోనే కొలిచారు."
మూడు డాలర్లు తక్కువయ్యాయి.
పాట పాడి తీరుస్తానంది.
పాట వద్దు, ఆ పాత గౌను ఇచ్చి పొమ్మన్నాను.

అరవై ఏడు. నడుము ఇరవై తొమ్మిది,
పక్కన నేనే పెట్టిన ప్రశ్నార్థకం.
రికార్డు కంపెనీకి తెలియకూడదట.
ఛాతీ కింద నుంచి గుడ్డ జారవిడిచాను,
గిటారు జానెడు పైకి కట్టుకోమన్నాను.
ఆ వారం ఆమె పాట దేశంలో మూడోది.
ఆ తర్వాతి పేజీలో నడుము ఇరవై మూడు.
మధ్యలో ఏమైందో రాసుకునే గడి
ఈ పుస్తకంలో లేదు.

డెబ్బై ఒకటి. పదకొండు వేల తళుకుబిళ్ళలు,
వీపున రెండు ఎర్రపిట్టలు, మొత్తం పద్నాలుగు పౌన్ల బరువు.
అద్దంలో చూసుకుని
"గని దిగేవాళ్ళ దీపాలన్నీ నా మీదే వేలాడదీశావే!" అని నవ్వింది.
ఆ ఏడే ఆగస్టులో, ఎండకి తారు కరుగుతుంటే,
కుడి వైపు పొడుగు చేయి కావాలంది.
ఎడమకి అక్కర్లేదట.
బయట కారులో డెల్మస్ హారను కొడుతున్నాడు,
మొగుడూ వాడే, మేనేజరూ వాడే.
గౌనుకి రెండు చేతులూ ఒక్కలాగే ఉండాలని
ఎడమదీ కుట్టాను, డబ్బు తీసుకోలేదు.

తర్వాత చాలా పేజీలు వేరేవాళ్ళవి.
టోపీల కుర్రాళ్ళు, బిగుతు జీన్సు పిల్లలు.
వెర్లీన్ పశువుల సంతల్లో పాడుతోందన్నారు,
టైర్ల దుకాణం తెరిస్తే పాడిందన్నారు,
ఒహాయోలో గుమ్మడికాయల పోటీ అయ్యాక
కాయలు బళ్ళకెత్తుతుంటే పాడిందన్నారు.
తొంభై నాలుగులో ఎర్రపిట్టల గౌను బాగుచేతకి వచ్చింది.
లోపలి కుట్లు చూశాను. నావి కావు.
చేపల గాలం దారంతో తనే కుట్టుకుంది.
వంకర టింకరగా ఉన్నాయి.
ఒక్కటీ ఊడలేదు.
నేను విప్పలేదు.

రెండువేల తొమ్మిది, నవంబరు.
నడుము ఇరవై రెండు.
రాసి పెన్సిలు కింద పెట్టేశాను.
డెల్మస్ పోయి పన్నెండేళ్ళట, మందుల సంచి తనే మోసుకొచ్చింది.
"నా పిండి సంచి గౌను ఉందా?"
ఇస్త్రీ బల్ల మీంచి తీసి చూపించాను,
నలభై ఆరేళ్ళుగా మసిగుడ్డ అది, మూల కాలిపోయి
మిల్లు పేరులో సగం మిగిలింది.
తిడుతుందనుకున్నా. దగ్గొచ్చేదాకా నవ్వింది.

మళ్ళీ టేపు చుట్టాను, నమ్మకం లేక.
ఆ రోజు నా నోట్లో సూదులు లేవు,
పాడితే చాలు ఆహా అనగలను.
ఆమె ఏదో కూనిరాగం మొదలెట్టింది,
ఎముకలు లేచాయి, టేపు వేళ్ళలోంచి జారింది.
"పాడకే, కొలత తప్పుతుంది" అన్నాను.
ఆహా అనబోయి.

"తప్పనీ."

అందుకే ఆ పేజీలో మూడు అంకెలున్నాయి.
ఇరవై రెండు. ఇరవై మూడున్నర. ఇరవై రెండు.
ఏది కొట్టేయాలో తెలియలేదు.